మటన్ ఖావ్‌స్వే ఇంట్లో వండాలి: మాంసం, కొబ్బరిపాలు, నూడుల్స్ గురించి చెప్పండి

ఉదయసముద్రం (శుక్రవారం, సాయంత్రం 6:40)

అందరికీ నమస్తే. మాది నల్గొండ. ఆదివారం మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు. పెద్దలం ఆరుగురం, పిల్లలు నలుగురు. ఎవరొచ్చినా మటన్ కూర, బగారా అన్నం మామూలే కదా, ఈసారి బర్మా వాళ్ల ఖావ్‌స్వే చేద్దామని ఉంది. హైదరాబాద్‌లో స్నేహితురాలి ఇంట్లో కోడిమాంసంతో చేసింది తిన్నాను. పసుపు రంగు కొబ్బరిపాల పులుసు, అందులో నూడుల్స్, పైన ఉడకబెట్టిన గుడ్డు, కరకరలాడే నూడుల్స్, పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మరసం. ఎవరికి కావలసినవి వాళ్లు వేసుకుని తింటారు. పిల్లలకు అది బాగా నచ్చుతుంది.

మా మామయ్య కోడి ముట్టరు కాబట్టి మటన్‌తోనే చేయాలి. ఎంతసేపు ఉడకాలి? కొబ్బరిపాలు విరగకుండా ఏం చేయాలి? ప్రకాశం బజార్‌లో దొరికే హక్కా నూడుల్స్ పనికొస్తాయా? పదిమందికి కొత్త వంట అంటే టెన్షన్‌గా ఉంది, కొంచెం వివరంగా చెప్పండి.

మిల్లు ఊరు (శుక్రవారం, 7:25)

చెల్లె, మాది మిర్యాలగూడ. ఈ వంట మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచి ఉంది. తాతయ్య వాళ్ల అసలు ఊరు కాకినాడ దగ్గర. ఆ రోజుల్లో కోస్తా నుంచి ఎంతోమంది ఓడలెక్కి రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనికి పోయారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది, 1964లో దుకాణాలు కూడా జాతీయం చేశారు. మనవాళ్లు చాలామంది ఉన్నదంతా వదిలేసి వెనక్కి వచ్చారు. తాతయ్యకు తెలిసింది మిల్లు పనే. సాగర్ ఎడమ కాలువ కింద వరి పెరిగి ఇక్కడ మిల్లులు లేస్తుంటే ఈ ఊరు చేరాడు. మా ఇంట్లో పండగకు పులిహోర ఎంత ఖాయమో ఖావ్‌స్వే కూడా అంతే.

అమ్మమ్మ పద్ధతి చెప్తాను. కిలో మాంసానికి అరకిలో ఉల్లిగడ్డలు, ఒక నిండు ఎల్లిగడ్డ, రెండు అంగుళాల అల్లం, వేడినీళ్లలో నానిన ఎండుమిర్చి ఆరేడు. అన్నీ కలిపి మెత్తగా నూరాలి. గిన్నెలో పల్లినూనె చేతికి కాస్త ధారాళంగా పోసి, పసుపు వేసి, ఈ ముద్దను సన్నటి మంట మీద వేయించాలి. వంటంతా ఇక్కడే ఉంది. మొదట నీళ్లు వదిలి చిటపటలాడుతుంది, కళ్లు మండుతాయి. తర్వాత చప్పుడు తగ్గుతుంది. గంటెతో పక్కకు తోస్తే ముద్ద మొత్తం ఒక్కటిగా కదులుతుంది, అంచుల్లో ఎర్రటి నూనె తేలుతుంది. పచ్చి ఉల్లి వాసన పోయి తియ్యటి వాసన వస్తుంది. అరగంట పట్టినా పట్టనీ. బర్మా వాళ్లు కూడా నూనె పైకి తేలిందా లేదా అన్నదే చూస్తారు, మన కూరకూ అదే గుర్తు.

గరం మసాలా వద్దు. లవంగాలు, చెక్క వేశావంటే మన మటన్ కూరలో కొబ్బరిపాలు పోసినట్టే ఉంటుంది.

వేగిన ముద్దలో మాంసం వేసి, అది పూర్తిగా ఉడికాక, దోరగా వేయించిన శనగపిండి కిలోకు నాలుగు పెద్ద చెంచాలు, చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోయాలి. వేడి పులుసులో పొడిపిండి చల్లితే ఎంత కలిపినా ఉండలు పోవు. పిండి పడ్డాక పావుగంట ఉడకాలి, లేకపోతే నాలుకకు పచ్చివాసన తగులుతుంది. చిక్కటి కొబ్బరిపాలు ఆఖర్న. బర్మాలో ఉప్పుతో పాటు చేపల సాస్ వేస్తారు. దొరికితే ఒక చెంచా వెయ్యి, లేకపోతే ఉప్పు చాలు.

పెబ్బేరు సంత (శుక్రవారం, 8:05)

అక్కా, మాంసం కొనేటప్పుడే సగం వంట అయిపోతుంది. అందరూ రాన్ (తొడ మాంసం) అడుగుతారు. దీనికి రాన్ వద్దు. దస్తి (ముందుకాలి మాంసం), మెడ, నల్లి బొక్కలు (మూలుగ ఉన్న ఎముకలు) కొట్టించుకోండి. ఎముక చుట్టూ ఉండే పొరలు, నరాలు సన్నటి మంట మీద కరిగి జిగురవుతాయి, పులుసు పెదవులకు అంటుకునేది ఆ జిగురు వల్లే. రాన్‌లో అంతా కండ, ఎక్కువసేపు ఉడికితే పీచులా ఎండిపోతుంది.

పదిమందికి కిలోన్నర తీసుకోండి. తునకలు రెండు అంగుళాలకు తగ్గకుండా కొట్టమనండి. కూర మటన్ అని అడిగితే చిన్నచిన్నగా కొట్టేస్తారు, రెండు గంటలు ఉడికేసరికి బొక్కలు ఒకవైపు, నార ఒకవైపు అవుతుంది. బాగా కొవ్వున్న పొట్టేలు కూడా వద్దంటాను. కొబ్బరిపాల నూనె ఎలాగూ ఉంది, రెండు కొవ్వులూ కలిస్తే మొహం మొత్తుతుంది. మేకపోతు మాంసం మంచిది. పచ్చి బొప్పాయి పట్టించకండి, అది పైపైన మెత్తబరుస్తుంది, ఇంతసేపు ఉడికే కూరలో ముక్క చెదిరిపోతుంది.

కొత్త కాపురం (శుక్రవారం, 8:12)

కుక్కర్‌లో పెట్టేస్తే కాదా అండీ? రెండు గంటలు గ్యాస్ వెలిగించి ఉంచాలంటే ఆలోచించాల్సి వస్తోంది.

పిల్లలమర్రి నీడ (శుక్రవారం, 8:50)

మహబూబ్‌నగర్ నుంచి. మా ఇంట్లో నిహారీ (మాంసం పులుసు) రాత్రి పొయ్యి మీద పెడితే తెల్లవారి దించుతారు, అందుకే ఈ మాట చెప్పగలను. మాంసంలోని ఆ గట్టి పొరలు దాదాపు 70 డిగ్రీలు దాటినప్పటి నుంచి మెల్లగా కరుగుతాయి. దానికి కావలసింది సమయం. మంట పెంచితే పని తొందరగా అవుతుందనుకుంటాం కానీ, తెర్లుతున్న నీళ్లలో కండ బిగుసుకుని లోపలి రసం వదిలేస్తుంది. పులుసు మీద అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేవాలి, అంతకు మించొద్దు.

కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి అరగంటలో ముక్క ఉడుకుతుంది, కాదనను. వారం మధ్యలో ఆఫీసు నుంచి వచ్చి వండేవాళ్లు ఏం చేస్తారు, కుక్కరే దిక్కు. అలాంటప్పుడు ఒక కూత రాగానే మంట పూర్తిగా తగ్గించి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి, ఆవిరి దానంతట అదే పోనివ్వండి. మూత బలవంతంగా తీయొద్దు. తర్వాత పులుసు వేరే గిన్నెలోకి మార్చి, మూత లేకుండా ఇంకో పావుగంట సన్నగా కాగనివ్వండి. ఉదయసముద్రం అక్కా, మీది ఆదివారం వంట. గిన్నెలోనే చేయండి. మా అమ్మీ మాంసం నీళ్లు మొదట కాగేటప్పుడు పైకొచ్చే బూడిదరంగు నురగను గంటెతో తీసేస్తూ ఉంటుంది. తీయకపోతే పులుసు రంగు మురికిగా కనిపిస్తుంది, కొబ్బరిపాల వంటకు అది ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

బగోన మేస్త్రి (శుక్రవారం, 9:30)

పెళ్లిళ్లలో వండుతాను, మాది కల్వకుర్తి దగ్గర. కట్టెల పొయ్యి మీద అయితే కట్టె వెనక్కి లాగితే సరిపోతుంది, గ్యాస్ మీద సిమ్ కూడా ఒక్కోసారి ఎక్కువే. పాత ఇనుప పెనం బర్నర్ మీద పెట్టి దాని మీద గిన్నె పెట్టండి అమ్మా. వేడి అడుగంతా సమంగా పరుచుకుంటుంది. శనగపిండి పోశాక అడుగంటే భయం ఎక్కువ, అప్పుడు ఈ పెనం బాగా కాపాడుతుంది. ఉప్పు మొదట సగమే వేయండి. రెండు గంటల్లో నీళ్లు ఇగురుతాయి, ఉప్పు ఇగరదు.

గద్వాల కోట (శుక్రవారం, 9:48)

నాదొక మాట. మన దగ్గర కొబ్బరి తోటలు ఎక్కడివి? మన మటన్‌లో ఎండుకొబ్బరి, గసగసాలు నూరి వేస్తాం. యాసంగిలో పల్లి పండే ప్రాంతం మనది. కొబ్బరిపాల బదులు వేయించిన పల్లీలు, ఎండుకొబ్బరి నూరి పోస్తే మన నోటికి ఇంకా బాగుంటుంది కదా. ఎక్కడి వంటైనా వచ్చిన చోటి రుచి పట్టాలి.

మిల్లు ఊరు (శుక్రవారం, 10:15)

గద్వాల అన్నా, నువ్వు చెప్పిన కూర బాగుంటుంది, జొన్నరొట్టెలోకి నేనే తింటాను. కానీ నూడుల్స్‌కు అది నప్పదు. ఎండుకొబ్బరి ముద్ద గరుకుగా ఉంటుంది, నూడుల్స్‌కు పట్టుకుని ముద్దముద్దగా వస్తుంది. ఈ వంటకు కావలసింది నూడుల్స్ సందుల్లోంచి జారే పులుసు. అది పచ్చికొబ్బరి పాలతోనే వస్తుంది. పల్లి సంగతి మాత్రం ఒప్పుకుంటా, నూనె పల్లినూనే వాడాలి. బర్మాలో కూడా పల్లినూనె వాడకం ఎక్కువే. వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి పైన చల్లుకో, ఎవరూ అడ్డు చెప్పరు.

చిట్యాల రోడ్డు (శుక్రవారం, 10:22)

చెరువుగట్టు గుడికి పోయొచ్చాం, ఇంట్లో కొబ్బరి చిప్పలు చాలా ఉన్నాయి. వాటి పాలు తీయొచ్చా?

ఉదయసముద్రం (శుక్రవారం, 10:31)

దేవుడి దగ్గర కొట్టిన కొబ్బరి మా ఇంట్లో నీసు కూరలో వేయం. అత్తమ్మ అసలు ఒప్పుకోరు, నాకూ మనసు రాదు. దాంతో పచ్చడి చేసుకోండి. నేను కాయలు విడిగా కొంటాను.

బత్తాయి తోట (శనివారం, ఉదయం 7:10)

కొబ్బరిపాల విషయం ఎవరూ పూర్తిగా చెప్పలేదు. పదిమందికి నాలుగు పెద్ద కాయలు కావాలి. నీళ్లు గలగలలాడుతూ, ముదురుగా ఉన్న కాయలు చూసుకోండి. లేత కాయలో పాలు పలచన. తురిమి, గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి మిక్సీ పట్టి, పలుచటి బట్టలో పిండితే వచ్చేవి చిక్కటి పాలు. అవి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆ పిప్పిలోనే మళ్లీ నీళ్లు పోసి రెండోసారి పిండండి. ఈ రెండో పాలల్లోనే మాంసం ఉడకాలి. పలుచని పాలల్లో కొవ్వు తక్కువ, ఎంతసేపు కాగినా పెద్ద తేడా రాదు.

చిక్కటి పాలు విరగడమంటే అందులోని నూనె, నీళ్లు విడిపోవడం. బాగా తెర్లించినా, పులుపు తగిలినా విడిపోతాయి. అందుకే టమాట వద్దు, పెరుగు వద్దు. శనగపిండి ముందే పడి ఉంటే పులుసు చిక్కబడి నూనె, నీళ్లు తొందరగా విడిపోవు, మిల్లు ఊరు అక్క చెప్పిన వరస అందుకే సరైనది. చిక్కటి పాలు పోసే ముందు ఒక గంటెడు వేడి పులుసును ఆ పాలల్లో కలిపి, తర్వాత మొత్తం గిన్నెలోకి పోయండి. అంచుల్లో చిన్న కదలిక కనిపించగానే దించేయండి. ఆ తర్వాత మూత పెట్టకూడదు.

డబ్బాలో దొరికే కొబ్బరిపాలల్లో విరగకుండా చిక్కదనానికి ఏవో కలుపుతారు కాబట్టి అవి కొంచెం మొండిగా నిలబడతాయి. టైం లేనివాళ్లు అవే వాడుకోవచ్చు. రుచి మాత్రం ఇంట్లో పిండిన పాలదే.

గద్వాల కోట (శనివారం, 7:40)

పులుపు వద్దంటే ఎట్లా? మటన్ తింటే నాకు పులుపు తగలాలి. చింతచిగురు వేసుకోనా?

బత్తాయి తోట (శనివారం, 7:52)

వేసుకో అన్నా, గిన్నెలో కాదు, నీ పళ్లెంలో. లేత చిగురు పచ్చిదే నలిపి పైన చల్లుకో. పులుపు ఏదైనా తినేటప్పుడే కలవాలి.

దేవరకొండ బిడ్డ (శనివారం, 11:20)

నేను ఉద్యోగం కోసం థాయ్‌లాండ్‌లో ఉంటున్నాను. చియాంగ్ మై వైపు ఖావ్ సోయి అని దీనికి దగ్గరి వంట ఉంది. చైనాలోని యున్నాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకులు మోసుకొచ్చిన ముస్లిం వర్తకులు తెచ్చిన వంటగా చెబుతారు. అందుకే అక్కడ కోడి, గొడ్డు మాంసాలతోనే ఎక్కువగా దొరుకుతుంది. అందులో ధనియాలు, పెద్ద యాలక్కాయ, కర్రీపొడి (కరివేపాకు పొడి కాదు) ఉంటాయి, శనగపిండి ఉండదు. గుడ్డు కలిపిన గోధుమ నూడుల్స్ వాడతారు. పక్కన ఊరబెట్టిన ఆవాకు, చిన్న ఉల్లిగడ్డలు, నిమ్మకాయ, నూనెలో వేయించిన కారం పెడతారు. ఉదయసముద్రం అక్కా, రెంటినీ కలపకండి. పిండి వేసేదైతే ధనియాలు మానేయండి.

నూడుల్స్ గురించి. మీ బజార్‌లో దొరికే హక్కా నూడుల్స్ నిశ్చింతగా వాడండి. మీ అందరికీ ఏడువందల గ్రాములు చాలు. రెండు నిమిషాల నూడుల్స్ వద్దు, అవి ముందే నూనెలో వేయించి ఉంటాయి, వేడి పులుసు తగలగానే ఉబ్బిపోతాయి. సేమియా కూడా వద్దు. పెద్ద గిన్నెలో నీళ్లు బాగా తెర్లుతుండగా ఉప్పు వేసి, ప్యాకెట్ మీద రాసిన సమయం కంటే ఒక నిమిషం ముందే దించి, చల్లటి నీళ్లలో కడిగి, చెంచా నూనె రాసి జల్లెడలో పెట్టండి. ఇంకొక్క మాట, నూడుల్స్‌ను పులుసు గిన్నెలో మాత్రం వేయకండి. అవి పులుసంతా తాగేస్తాయి, పావుగంటలో గిన్నెలో మిగిలేది ఉప్మా. ఎవరి గిన్నెలో వాళ్లకు నూడుల్స్ పెట్టి, పైన బాగా వేడిగా ఉన్న పులుసు పోయాలి.

కొత్త కాపురం (శనివారం, 11:45)

పైన వేసే కరకర నూడుల్స్ ఎలా చేస్తారు? పచ్చివే వేయించాలా?

దేవరకొండ బిడ్డ (శనివారం, 12:05)

ఎండు హక్కా నూడుల్స్‌ను పచ్చిగా వేయిస్తే పంటికింద రాయిలా తగులుతాయి. ఉడికించిన వాటిలో ఒక పిడికెడు తీసి, బట్ట మీద ఆరబెట్టి, కాస్త మొక్కజొన్న పిండి చల్లి కాగిన నూనెలో వేయండి.

పెబ్బేరు సంత (శనివారం, 12:30)

అంత శ్రమ ఎందుకు, కారప్పూస చల్లుకుంటే అయిపాయె. మా పిల్లలు అదే ఎక్కువ ఇష్టంగా తింటారు.

మిల్లు ఊరు (శనివారం, 1:10)

అమ్మమ్మ కూడా ఒక్కోసారి కారప్పూసే వేసేది. పైవాటిలో తప్పకుండా ఉండాల్సింది మాత్రం కారం నూనె. చిన్న కడాయిలో పల్లినూనె వేడిచేసి పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి వెయ్యి. వెంటనే వేస్తే నల్లబడి చేదెక్కుతుంది. పిల్లలున్నారు కాబట్టి పులుసులో కారం తగ్గించి, పెద్దలకు ఇది పెట్టు. పచ్చి ఉల్లిగడ్డ సన్నగా తరిగి పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేస్తే ఘాటు తగ్గుతుంది. పైన చల్లడానికి వేయించే ఎల్లిపాయ రేకులు బంగారు రంగు రాకముందే నూనెలోంచి తీసెయ్యి, బయట కూడా కాసేపు ముదురుతాయి.

ఉదయసముద్రం (ఆదివారం, సాయంత్రం 5:20)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. వంట చాలా బాగా కుదిరింది. దస్తి, మెడ కలిపి కిలోన్నర, నాలుగు నల్లి బొక్కలు తెచ్చాం. ఎనిమిదిన్నరకు ఉల్లి ముద్ద వేయించడం మొదలుపెట్టాను. నూనె తేలేసరికి దగ్గరదగ్గర నలభై నిమిషాలు పట్టింది, ముద్ద ఎక్కువ కదా. రెండో కొబ్బరిపాలు పోసి, మేస్త్రి గారు చెప్పినట్టు ఇనుప పెనం మీద గిన్నె పెట్టాను. పదిన్నరకు చూస్తే పైన మెత్తబడింది కానీ ఎముక దగ్గర ముక్క ఇంకా పట్టుకునే ఉంది. మా వారు కుక్కర్‌లో వేసేయమన్నారు. నేను కదపలేదు. పదకొండున్నరకు గంటె అంచు తగిలితే చాలు మాంసం ఎముక నుంచి జారిపోయింది.

శనగపిండి పోయగానే పులుసు రంగు మారింది, నెయ్యి రంగులోకి వచ్చింది. చిక్కటి పాలు పోశాక పైన ఎర్రటి నూనె చుక్కలు మాత్రం తేలాయి, విరగలేదు. మామయ్య మొదట నూడుల్స్ అంటే పిల్లల తిండి అన్నారు. నల్లి బొక్క చప్పరించాక రెండో గిన్నె అడిగారు, అందులో నూడుల్స్ తగ్గించి పులుసు ఎక్కువ పోయమన్నారు. గద్వాల అన్న చెప్పిన పల్లీలు కూడా పెట్టాను, ఆడపడుచు అవే ఎక్కువ వేసుకుంది.

ఇప్పుడు రెండు గంటెల పులుసు, చాలా నూడుల్స్ మిగిలాయి. రేపటికి ఉంటాయా?

బత్తాయి తోట (ఆదివారం, 5:45)

మన ఎండల్లో కొబ్బరిపాలు పడ్డ కూర బయట ఉంచితే రాత్రికే పులుస్తుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, రేపటికల్లా అవగొట్టేయండి. వేడిచేసేటప్పుడు సన్నటి మంట మీదే, మధ్యలో కలుపుతూ. చిక్కబడి ఉంటుంది, కొంచెం వేడినీళ్లు కలపండి. ఇంకోసారి ఎక్కువ చేస్తే చిక్కటి పాలు పోయకముందే మాంసం పులుసు కొంత తీసి దాచుకోండి, అది ఇంకా నిలుస్తుంది.

మిల్లు ఊరు (ఆదివారం, 6:05)

మామయ్యగారు రెండో గిన్నె అడిగారంటే నాకు చాలా సంతోషంగా ఉంది చెల్లె. మిగిలిన నూడుల్స్‌ను అథో చేసుకో. చెన్నైలో బర్మా బజార్ దగ్గర బండ్ల మీద అమ్ముతారు, అది కూడా బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్లు తెచ్చిందే. వేడి చేయనక్కర్లేదు. చల్లటి నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, పచ్చి ఉల్లి, వేయించిన ఉల్లి, ఎల్లిపాయ నూనె, వేయించిన శనగపిండి చెంచాడు, కారం, ఉప్పు, కొంచెం చింతపండు రసం వేసి చేత్తో కలపాలి. గరిటెతో కలిపితే మసాలా పట్టదు. పైన కారప్పూస నలిపి వెంటనే తినేయండి, ఆలస్యమైతే మెత్తబడిపోతుంది.